ఒక్కచూపు చదువు

ఒకానొక రాజ్యంలో తాటాకు గలగల వినిపిస్తే చాలు, జనం చేస్తున్న పని ఆపి తమ అరచేతులు చూసుకునేవారు.

ఆ రాజ్యం పేరు మణిగిరి. ఏలేవాడు ఉద్దండకేసరి మహారాజు. ఆయనకి ఇరవై ఒక్క బిరుదులు. ఆయన తుమ్మితే భట్రాజులు ఆ ఇరవై ఒక్కటీ చదివి ముగించేదాకా రెండో తుమ్ము తుమ్మడానికి వీల్లేదు. వాటన్నిటిలోకీ ఆయనకి ప్రాణమైన బిరుదు 'ఏకదృష్టి పఠన ధురంధరుడు'. అంటే ఒక్క చూపులో చదివేసేవాడని.

సభలో ఆజ్ఞలన్నీ తాటాకుల మీద రాసి, చివర బెజ్జం వేసి, దారం కట్టి, వెండి పళ్లెంలో తెచ్చేవారు. బహుమానమైతే పసుపు దారం, శిక్షయితే ఎర్ర దారం. మహారాజు ఆకు అందుకుని, రెప్ప కొట్టేంతసేపు చూసి, "ఊఁ" అని, దారం ముడి మీద లక్క పోయించి ముద్ర గుద్దేవాడు.

"మనబోటివాళ్ళం పెదాలు కదిపి కదిపి చదువుకోవాలి. ఏలినవారికి ఆకే వచ్చి కళ్ళలో వాలుతుంది," అని సభ మురిసిపోయేది.

ముద్ర పడ్డాక భటులకి ఆకుతో పని లేదు. వాళ్ళకి చదువూ లేదు. ఎర్ర దారమైతే మనిషిని గుమ్మం బయట కుంపటి దగ్గరికి నడిపించేవారు. అక్కడ రాజముద్ర ఆకారంలో పోత పోసిన ఇనప అచ్చు ఎప్పుడూ నిప్పుల్లోనే ఉండేది. కుడి అరచేతిలో వాత. తప్పు ఏదైనా శిక్ష అదే.

కోటలో సరుకులు దాచే కొట్టుని ఉగ్రాణం అనేవారు. అందులో పనిచేసే మైలమకి ఇరవై ఏళ్ళు. ఆమెకి చదువు ఎవరూ చెప్పలేదు. తొంభై జాడీలు చెప్పాయి.

ప్రతి జాడీ మెడకీ ఒక తాటాకు ముక్క వేలాడేది, లోపల ఏముందో రాసి. చిన్నప్పుడు మైలమ అవన్నీ గడగడా చదివేసేది. పన్నెండో ఏట ఉగ్రాణానికి సున్నం వేయాల్సి వచ్చి జాడీలన్నీ అటూ ఇటూ మార్చారు. ఆ మర్నాడు నువ్వుల నూనె అనుకుని ఆమె వంటశాలకి ఆముదం పంపింది. ఆ పూట గారెలు తిన్న సేనాపతి మూడు రోజులు యుద్ధానికి పనికిరాలేదు.

వీపు వాచిపోయింది గానీ, మైలమకి ఒక సంగతి తెలిసొచ్చింది. తను ఇన్నేళ్ళూ చదివింది ఆకుని కాదు, జాడీని. పొట్ట పెద్దదైతే ఉప్పు, మూకుడు పగిలితే మెంతులు, కిటికీ పక్కనుంటే నూనె. ఆకు వైపు ఆమె ఎన్నడూ చూడనే లేదు.

అప్పుడు ఆకులన్నీ విప్పి నేల మీద పరిచింది. ఉప్పు, ఉలవలు, ఉసిరి. మూడింటి మొదటా ఒకటే ఆకారం. మూడూ నోటితో అంటే మొదట ఒకటే చప్పుడు. ఆ రోజు మైలమ అన్నం తినడం మరిచిపోయింది.

మహారాజుకి ఒక్కతే కూతురు, సూరాంబ, ఆరేళ్ళది. ఆస్థాన పండితుడు యజ్ఞేశ్వర సోమయాజులు రెండేళ్ళు ఆ పిల్ల చేత ఇసుకలో అక్షరాలు దిద్దించాడు. పిల్ల అక్షరమాల ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ అప్పజెప్పేది. కానీ 'అల' అని రాసి చూపిస్తే ఎవరో కొత్త మనిషి వచ్చినట్టు బిక్కమొహం వేసేది.

"బుద్ధి మందం," అన్నాడు సోమయాజులు, మహారాజు వినకుండా.

పిల్ల పాఠం తప్పించుకుని ఉగ్రాణంలో ధాన్యం గాదె వెనక దాక్కునేది. మైలమ అక్కడ పది ఆకుల మీద పది మాటలు రాసి ఇచ్చింది. ఏనుగు, పాలు, గుర్రం, అద్దం, ఇలాంటివి. పదిహేను రోజులు తిరిగేసరికి పిల్ల ఏ ఆకు చూపిస్తే ఆ మాట చటుక్కున అనేసేది. వేలు పెట్టడం లేదు, పెదవి కదపడం లేదు.

సంగతి మహారాజు చెవిన పడింది. ఇరవై ఒక్క బిరుదులతో సహా ఆయనే ఉగ్రాణానికి కదిలొచ్చాడు. ఆకులు చూపించాడు. పిల్ల పదీ చదివేసింది.

"చూశారా, ఒక్క చూపు. మా రక్తం," అన్నాడు మహారాజు మీసం దువ్వుకుంటూ. "విజయదశమి నాడు నిండు సభలో చదివిస్తాను. ఏమే ఉగ్రాణం పిల్లా, ఇకనుంచి గురువువి నువ్వే. చక్కగా చదివిందా, నువ్వు కోరింది ఇస్తాను. ఇది వట్టి దొంగచదువని తేలిందా, వాత సంగతి నీకు తెలుసుగా."

నిజం చెప్పాలంటే మైలమకి ఆ క్షణాన భయం వేయలేదు. గర్వం కలిగింది. పండితుడి వల్ల కానిది నా వల్ల అయిందని లోలోపల పొంగిపోయింది. ఆ పొంగే ఆమె కళ్ళు కప్పింది.

పండగ నాలుగు రోజులుందనగా ఏనుగు ఆకు నిలువునా చీలిపోయింది. మైలమ అదే మాట కొత్త ఆకు మీద రాసి ఇచ్చింది.

పిల్ల అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదెవరో నాకు తెలీదు అక్కా."

"ఇదీ ఏనుగే అమ్మాయిగారూ."

"కాదు. ఏనుగుకి ఇక్కడ పసుపు ఉంటుంది."

మైలమ చీలిన ఆకు తీసి చూసింది. మూల మీద పసుపు మరక. తన చేతిదే, పసుపు కొమ్ములు తూచిన రోజున అంటి ఉంటుంది. రాత లేని వట్టి ఆకు తీసి, దాని మూలకి కాస్త పసుపు రాసి చూపించింది.

"ఏనుగు," అంది పిల్ల సంతోషంగా.

"మరి గుర్రం ఎలా గుర్తుపడతారు?"

"మూల విరిగింది గుర్రం. ఈనె ఉన్నది పాలు. పొట్టిది అద్దం." ఆ మాత్రం తెలీదా అన్నట్టు చూసింది పిల్ల. "నువ్వు గుర్తు కోసమేగా అలా చేశావు?"

మైలమ గాదెకి చేరగిలబడి కూర్చుంది. ఈ పిల్లదీ జాడీల చదువే. పన్నెండేళ్ళ తనకి వీపు మీద పడి ఊరుకుంది. ఇప్పుడు అరచేతిలో పడుతుంది.

పారిపోదామనుకుంది. కోట తలుపు దాకా వెళ్ళి కూడా వచ్చింది. తను పోతే పిల్లని సభలో నిలబెట్టి నవ్వుతారు, మళ్ళీ ఇసుకలో కూర్చోబెడతారు.

ఉగ్రాణంలో బొల్లన అనే ముసలాయన ఉండేవాడు. ఒకప్పుడు ఆస్థానంలో రాతగాడు. జాడీల మీద ఆ ఆకులు రాసింది ఆయనే. కుడిచెయ్యి పూర్తిగా ముడుచుకోదు, పూర్తిగా విప్పుకోదు. ఎడమచేత్తో చింతపండు గింజలు తీస్తూ ఉంటాడు. ఏం తప్పు చేసి వాత పడిందో ఆయన ఎన్నడూ చెప్పలేదు.

ఆ రోజు మైలమ ఆయన ఎదురుగా కూర్చుని అడిగింది. "పెద్దయ్యా, బాగా నొప్పి పుట్టిందా?"

బొల్లన ఆమె మొహం చూశాడు. లేచి వెళ్ళి గోనెల వెనక నుంచి ఒక పాత ఆకు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఎర్ర దారం, దాని ముడి మీద లక్క, లక్క మీద రాజముద్ర.

మైలమ చదివింది. మళ్ళీ చదివింది. "ఇందులో తప్పేం లేదే. 'రాతగాడు బొల్లనకు శాలువ ఇవ్వవలెను' అని ఉంది."

"ఆ రోజు పసుపు దారం అయిపోయిందమ్మా. ఎర్రది ఉంటే అదే కట్టి పంపాను." బొల్లన చింతపండు వైపు చూస్తూ అన్నాడు. "ఎలాగూ రాజుగారు చదువుతారు కదా అనుకున్నాను."

మైలమ ఆ ఆకు తీసి తన చెంగున ముడి వేసుకుంది. బొల్లన వద్దనలేదు.

మిగిలిన మూడు రోజులూ ఆమె పిల్లని వదల్లేదు. పది ఆకులూ పొయ్యిలో పడేసింది. పిల్లని జాడీ జాడీ దగ్గరికీ తిప్పింది.

"ఇదేమిటి?"

"వాము."

"మొదట ఏం వినిపించింది?"

"వా."

"అది ఎక్కడుందో వేలు పెట్టండి. ఇక మరకలు చూడొద్దు, వేలు ఎక్కడుంటే అక్కడే చూడండి."

రెండో రోజుకి పిల్ల కొత్త మాటలు కూడా చదవసాగింది. చుక్కలు చుక్కలుగా చెమట పట్టేది, పెదాలు కదిలేవి, ఒక్కో ముక్కకీ ఒక్కో జాడీ తలుచుకునేది. ఎండలో నడిచే నత్తలా పోయేది చదువు. కానీ ఈసారి అది చదువే.

ఇలాగే ఇంకో నెల పోతే చాలు. పండగేమో రేపే.

విజయదశమి సభ కిక్కిరిసింది. పిల్లకి జరీ పావడా కట్టి రత్నకంబళి మీద నిలబెట్టారు. మైలమ స్తంభం పక్కన నిలుచుంది. కొలిమివాడు కుంపటి తెచ్చి గుమ్మం బయట పెట్టాడు. అది రోజూ ఉండేదే. కానీ ఆ బొగ్గుల వాసన ఇవాళ తనని వెతుక్కుంటూ వస్తున్నట్టనిపించింది.

సోమయాజులు లేచాడు. "మహాప్రభూ, పరీక్ష నన్ను పెట్టనివ్వండి."

ఆయన వారం రోజులుగా ఉగ్రాణం కిటికీ పక్కన తిరిగింది ఊరికే కాదు, లోపలి మాటలు వినడానికే. ఒక ఆకు తీసి పిల్లకి చూపించాడు. మూల మీద పసుపు.

అంతమంది జనం, అంత నిశ్శబ్దం. పిల్ల వేలు ఎత్తబోయింది, తండ్రి కనుబొమ్మ చూసి దించేసింది. భయంలో కళ్ళు పాత దారినే పట్టాయి.

"ఏనుగు," అంది.

సోమయాజులు ఆకుని సభ వైపు తిప్పాడు. దాని మీద అక్షరం ముక్క లేదు.

ఎవరో నవ్వబోయి, మహారాజు మొహం చూసి, దగ్గుగా మార్చుకున్నారు.

"ఏమే," అన్నాడు మహారాజు. గొంతు పెద్దది చేయలేదు, అదే ఎక్కువ భయంగా ఉంది. "నా కూతురికి చదువు నేర్పావా, మరకలు నేర్పావా?"

"మొదట్లో మరకలే మహాప్రభూ. నాకూ తెలియలేదు. తెలిశాక దాచాను, అది నా తప్పే." మైలమ ఒక అడుగు ముందుకి వేసింది. "అమ్మాయిగారు ఇప్పుడు నిజంగా చదువుతున్నారు. ఒక్కసారి వేలు పెట్టి చదవనిస్తే..."

"మా వంశంలో ఎవరూ వేలు పెట్టి చదవరు." ఆయన రాతగాడి వైపు తిరిగాడు. "రాయి."

గంటం ఆకు మీద కరకరమంది. ఎర్ర దారం పడింది.

మణిగిరిలో ఒక ఆచారం ఉంది. శిక్ష పడ్డవాళ్ళే తమ ఆకుని తీసుకెళ్ళి పళ్లెంలో పెట్టాలి, మోసేవాడికి ఆ పాపం అంటకూడదని. రాతగాడు ఆకుని మైలమ చేతిలో పెట్టాడు. 'మైలమ కుడి అరచేత వాత వేయవలెను.' తన పేరు రాసి ఉండగా చూడటం ఆమెకి అదే మొదటిసారి.

"పండగ పూట ముందు బహుమానాలు కానివ్వండి," అన్నాడు మహారాజు. "ఎర్రది చివర్న."

మైలమ సింహాసనం మెట్టు దగ్గర, పళ్లెం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. పళ్లెంలో ఆరు ఆకులు, అన్నిటికీ పసుపు దారాలే. పిల్ల వెక్కుతూ వచ్చి ఆమె చెంగు పట్టుకుంది. చెంగున ముడిలో బొల్లన ఆకు గరగరలాడింది.

ఎలాగూ రాజుగారు చదువుతారు కదా అనుకున్నాను.

మైలమ తన మణికట్టు చూసుకుంది. నవరాత్రి పూజలో కట్టించుకున్న తోరం, నిండు పసుపు. ఒంటిచేత్తో ముడి రాలేదు, వంగి పంటితో లాగింది. శిక్ష పడ్డ మనిషి తల వంచితే ఎవరు పట్టించుకుంటారు? ఎర్ర దారం విప్పి మణికట్టుకి చుట్టుకుంది. తోరం ఆకుకి కట్టింది. ఇప్పుడు రాజు చదివాడో, తప్పు రెండింతలవుతుంది. రెండో చెయ్యి కూడా పోతుంది. ఆకుని పళ్లెంలో నాలుగోదిగా దూర్చింది.

మహారాజు మొదటిది అందుకున్నాడు. "ఊఁ. యోగ్యుడు." ముద్ర. రెండోది. "ఊఁ. ఇవ్వాల్సిందే." ముద్ర. మూడోది. ముద్ర.

నాలుగోది ఆయన చేతిలోకి వెళ్ళింది. ఆయన కళ్ళు దాని మీద వాలాయి. రెప్ప ఒకసారి పడింది.

"ఊఁ. మంచి మనిషి. ఇంకా ముందే ఇవ్వాల్సింది."

ముద్ర గుద్దాడు.

మిగతావి కూడా అయ్యాక చెయ్యి చాచాడు. "ఇక ఆ ఎర్రది తే."

"లేదు మహాప్రభూ. దానికి ముద్ర పడిపోయింది."

"ఎప్పుడు?"

"ఇందాకే. మంచి మనిషి, ఇంకా ముందే ఇవ్వాల్సింది అన్నారు."

ముద్ర పడ్డ ఆకులు వేసిన బుట్టలోంచి సోమయాజులు వాటిని గబగబా లాగాడు. ఒకటి పట్టుకుని నోరు తెరవబోయాడు.

"పండితులవారు కాదు," అంది మైలమ. "అమ్మాయిగారిని చదవనివ్వండి మహాప్రభూ. ఆ ఆకు ఇప్పుడే పుట్టింది, ఆమె చూడనే లేదు. మరక కూడా లేదు. చదవలేకపోతే రెండు చేతులూ ఇస్తాను."

మహారాజు తల ఊపాడు.

మైలమ పిల్ల కన్నీళ్ళు చెంగుతో తుడిచింది. చెవిలో ఒక్క మాటే అంది. "జాడీల దగ్గరున్నాం, అంతే."

పిల్ల వేలు ఆకు మీద పెట్టింది. పెదాలు కదిలాయి, చప్పుడు రాలేదు.

"మై... మైదాకులో మై." వేలు జరిగింది. "ల. మ." పిల్ల తలెత్తింది, మొహం విప్పారింది. "అక్కా, ఇది నీ పేరు."

"ఊఁ. ఇంకా ఉంది."

చాలాసేపు పట్టింది. "కు... డి. కుడి. అ... ర... చే... త. అరచేత." మళ్ళీ వేలు జరిగింది. "వా. వాములో వా. త. తవుడులో త. వాత."

పిల్ల తండ్రి వైపు తిరిగింది. "వాత అంటే ఏమిటి నాన్నగారూ? మంచివాళ్ళకి ఇస్తారా?"

మహారాజు చూపు ఆకుకి ఉన్న తోరం మీద నుంచి మైలమ మణికట్టున ఉన్న ఎర్ర దారం మీదికి వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. గుమ్మం బయట కుంపటి చిటపటమంది.

మైలమ తల వంచుకుంది. "అమ్మాయిగారు పసుపు చూసి ఏనుగన్నారు మహాప్రభూ. తమరు పసుపు చూసి మంచి మనిషన్నారు. అమ్మాయిగారిది అచ్చం తమ పోలికే."

ముందు మహారాజు మీసం కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆ మీద ఆయన నవ్విన నవ్వుకి కిరీటం ఓ పక్కకి ఒరిగింది. భట్రాజులు ఇది ఏ బిరుదు కిందికి వస్తుందో తెలియక ఊరుకున్నారు.

"ముద్ర పడ్డ ఆకు అమలు కావలసిందే కదా మహాప్రభూ," అని గొణిగాడు సోమయాజులు.

"దొంగచదువుకి వాత వేయడమే మొదలుపెడితే, సోమయాజీ, ముందు నా చెయ్యి కాల్చాలి." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "లే పిల్లా. నా కూతురు చదివింది. నా మాట మాటే, కోరుకో."

మైలమ చెంగు ముడి విప్పింది. "ఈ ఆకు ఒక్కటి చదవండి మహాప్రభూ. వేలు పెట్టి."

మహారాజు నవ్వుతూనే అందుకున్నాడు. ఆటలా వేలు పెట్టాడు. పెదాలు కదిలాయి. ఎన్నేళ్ళయిందో, మాటలు తడబడ్డాయి. "రా... త... గాడు... బొల్లనకు... శాలువ..." వేలు ఆగిపోయింది. ఎర్ర దారం చూశాడు. లక్క మీద తన ముద్ర చూశాడు. నవ్వు మొహం మీంచి జారిపోయింది.

బొల్లనని పిలిపించారు. వచ్చి దూరంగా నిలబడ్డాడు, కుడిచెయ్యి పంచె మడతల్లో దాచుకుని.

"నువ్వు అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు మహారాజు.

"తమరు చదివారు కదా మహాప్రభూ," అన్నాడు బొల్లన.

మహారాజు సింహాసనం దిగాడు. తను కప్పుకున్న శాలువ తీసి ముసలాయన భుజాల మీద వేశాడు. దానితో చెయ్యి బాగుపడదని ఆయనకీ తెలుసు. అందుకే చాలాసేపు ఆ భుజాల మీద నుంచి చేతులు తీయలేదు.

కుంపటి మీద నీళ్ళు పోశారు. ఇనప అచ్చుని మైలమకి ఇచ్చేశారు. ఉసిరి ఊరగాయ తేలకుండా జాడీలో బరువుకి ఇన్నాళ్ళూ సరైనది దొరకలేదామెకి, ఇది సరిపోయింది. మైలమ అమ్మాయిగారి గురువుగా ఉండిపోయింది, మధ్యాహ్నాలు సోమయాజులు కూడా వచ్చి జాడీల మధ్య పీట వేసుకుని కూర్చునేవాడు. మహారాజుకి బిరుదులు ఇరవైకి తగ్గాయి.

మర్నాటి నుంచి మణిగిరి సభ పొద్దున్న మొదలైతే భోజనాల వేళ దాటేది. మహారాజు ఒక్కో ఆకు మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివేవాడు. ఆకలికి కడుపులు మాడుతున్నా ఒక్కరూ విసుక్కోలేదు. తాటాకు గలగల వినిపిస్తే మైలమ మాత్రం ఎన్నాళ్ళయినా ముందు తన అరచెయ్యే చూసుకునేది. అప్పుడామెకి తండ్రి ఒళ్ళో కూర్చున్న పిల్ల గొంతు వినిపించేది.

"దారం చూడకండి నాన్నగారూ. వేలు ఎక్కడుందో అక్కడ చూడండి."